వాలాజాపేట వేంకటరమణ భాగవతుఁడు: గురుభక్తియు గ్రంథరక్షణమును

వాక్కును గేయమును రెంటిని రచించువాఁడు వాగ్గేయకారుఁడని 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున లక్షణము చెప్పెను. ఆ శాస్త్రమున వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు సంజ్ఞలు. వ్యాకరణమున ధాతువనఁగాఁ గ్రియకు మూలమగు ప్రకృతి. సంగీతమున నది స్వరరచన. శాస్త్రములు వేఱైనను నొక సామ్యము గలదు. ప్రకృతి యొక్కటియే కాని ప్రత్యయ మొక్కటియే కాని ప్రయోగార్హము కాదని వైయాకరణుల నిర్ణయము. అట్లే ధాతువు నశించిన మాతువును, మాతువు చెడిన ధాతువును వాగ్గేయకారుని కృతి యనిపించుకొనవు. కావున నట్టివాని రచనను గాపాడుట కావ్యమును గాపాడుటకంటెఁ గష్టతరము. అక్షరములు తాటాకుపై నిలుచును. రాగసంచారము గాయకుని కంఠముతోడనే పోవును. ఈ కష్టమున కోర్చి జీవితమెల్ల వెచ్చించినవాఁడు త్యాగరాజశిష్యుఁడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతుఁడు.

ఇతఁడు 1781లోఁ దంజావూరి సమీపమునందలి యయ్యంపేటలో సౌరాష్ట్రకుటుంబమున జన్మించెను. పట్టునేఁతకుఁ బ్రసిద్ధి గన్న సౌరాష్ట్రులు పశ్చిమదేశమునుండి వలసవచ్చి దక్షిణమున స్థిరపడినవారు. వారు గృహమున మాటాడునది సౌరాష్ట్రభాష. వీథిలో వినునది తమిళము. అయినను తంజావూరిసీమలో గానమునకును సాహిత్యమునకును నాఁడు తెలుఁగే ప్రధానము. నాయకరాజుల యాస్థానమున వెలసిన యీ భాష, తరువాత వచ్చిన మహారాష్ట్రరాజుల కాలమునను దన గౌరవమును గోల్పోలేదు. కావున మాతృభాష తెలుఁగు కాని యీ భాగవతుఁడు తెలుఁగులిపిలోఁ దెలుఁగుకీర్తనలను వ్రాసి దాఁచుటలో వింత లేదు. ఇతఁడు స్వయముగా వాగ్గేయకారుఁడు. గురువుమీఁద సంస్కృతమున మంగళాష్టకమును రచించెను.

1767లోఁ దిరువారూరఁ బుట్టి తిరువయ్యాఱున నివసించిన త్యాగరాజునకును నితనికిని వయసునఁ బదునాలుగేండ్ల యంతరమే. భాగవతుఁ డయ్యంపేటనుండి తిరువయ్యాటికి నడచిపోయి విద్య నభ్యసించి, పిదప నార్కాటుసీమలోని వాలాజాపేటకుఁ దరలి యచ్చటనే ప్రసిద్ధుఁడయ్యెను. గురుపుత్రిక వివాహసమయమున శ్రీరాముని చిత్రపటమును మోసికొనివచ్చి గురువునకు సమర్పించెనని యైతిహ్యము.

త్యాగరాజు రచన యేకవిధమైనది కాదు. చిన్న దివ్యనామకీర్తనములు, ఉత్సవసంప్రదాయకీర్తనములు, విపులములగు ఘనరాగపంచరత్నములు, అపూర్వరాగములలోని కృతులు నొక వంక. మఱియొక వంక యక్షగానములు. ప్రహ్లాదభక్తివిజయ మైదంకముల రచన. అందు 45 కీర్తనములు, వానిమధ్యఁ బద్యములును గలవు. నౌకాచరిత్రమునఁ బాటలు 21. దాని కథ భాగవతమున లేనిది. భజనగోష్ఠిలోఁ బలువురు పాడు నామావళినుండి నాటకీయప్రబంధము వఱకు వ్యాపించిన యీ రచనాసమూహమును గ్రంథస్థము చేయవలెనన్న గానజ్ఞాన మొక్కటియే చాలదు, ఛందోజ్ఞానమును భాషాజ్ఞానమును గావలెను.

ఈ భాషాజ్ఞాన మేల కావలెనో యొక్క యుదాహరణముచే విశదమగును. తరువాతి కాలమునఁ బలువురు గాయకులు తెలుఁగు కీర్తనలను దమిళలిపిలో వ్రాసికొనిరి. ఆ లిపిలోఁ బరుషసరళములకును మహాప్రాణములకును వేఱువేఱక్షరములు లేవు. అందుచే ‘పాద’ మన్నను ‘బాధ’ యన్నను వ్రాఁతలో నొక్కటే రూపము. భగవంతుని పాదములను గోరిన భక్తుఁడు, తెలుఁగెఱుఁగని గాయకుని నోటఁ, దన బాధనే కోరినవాఁడగును! దీనికిఁ దోడు తాళమున కనుగుణముగాఁ బదమును విఱిచి పాడునపుడు పూర్వపదాంత మెచ్చటనో, పరపదాది యెచ్చటనో తెలియక యర్థము చెడును. ఇట్టి స్థలములఁ దెలుఁగులిపిలోనున్న ప్రాచీనప్రతి యొక్కటి యున్న వివాదము తీఱును.

త్యాగరాజశిష్యపరంపరలో వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లస్థానము నను మూఁడు శాఖలు ప్రసిద్ధములు. ఒక్కొక్కచోఁ బాఠమును, ఒక్కొక్కచోఁ బాడు వరుసయు శాఖనుబట్టి భేదించును. వ్రాఁతప్రతుల సమృద్ధిలో వాలాజాపేటశాఖ విశిష్టమైనది. వేంకటరమణ భాగవతుఁడును, నాతని కుమారుఁడు కృష్ణస్వామి భాగవతుఁడును సంపాదించిన ప్రతులు మధురలోని సౌరాష్ట్రసభకుఁ జేరినవి. 20వ శతాబ్దమున త్యాగరాజకృతులను బరిశోధించిన పండితులకు నివి ముఖ్యాధారములైనవి. గానపరంపరయు వ్రాఁతతో నాగిపోలేదు. భాగవతుని శిష్యుఁడగు సదాశివరావు మైసూరి యాస్థానమున విద్వాంసుఁడై యా విద్యను గన్నడదేశమున నెలకొల్పెను.

ఇచట నొక శంక పొడముచున్నది. గురువును దైవముగా నెంచినవాని సాక్ష్యమును చరిత్రకారుఁడు నమ్మవచ్చునా? తండ్రియుఁ గొడుకును త్యాగరాజచరిత్రమును గూడ వ్రాసిరి. వానియందు మహిమలును దైవసాక్షాత్కారములును బహుళముగాఁ గలవు. వానిని యథాతథముగాఁ జరిత్రమని గ్రహించుట యుక్తము గాదు. అట్లని చరిత్రమందు సందేహింపఁదగిన వ్యక్తిని కీర్తనల ప్రతియందును సందేహింపవలె ననుట తొందరపాటు. చరిత్రము వ్రాయునపుడు భక్తి గురువునకు మహిమను జేర్చును. కీర్తనము వ్రాయునపు డా భక్తియే గురువు మాటకుఁ దన మాట చేర్పనీయదు. కవియు గాయకుఁడు నైన శిష్యునకు దిద్దుటకు శక్తి గలదు; గౌరవమే యా చేతిని నిలుపును. ఒక్క గుణమే యొకచోట సాక్ష్యమును బలహీనపఱచి మఱియొకచోట బలపఱచుచున్నది. పరిశోధకుఁడు మనుష్యునిఁ గాక ప్రతిస్థలమును వేఱువేఱ పరీక్షింపవలె ననుట కిది తార్కాణము. వాలాజాపేట ప్రతులైనను దోషరహితములని చెప్పరాదు. ఇతరశాఖల కంఠపాఠములతోఁ బోల్చినప్పుడే వాని విలువ పూర్ణముగాఁ దేలును.

త్యాగరాజు 1847లో సిద్ధినొందెను. శిష్యుఁ డటుపిమ్మట నిరువదియేడేండ్లు జీవించి 1874లోఁ బరమపదించెను. ఈ నడుమనే, 1855లోఁ దంజావూరి రాజ్య మాంగ్లేయుల వశమయ్యెను. విద్వాంసులకు నాశ్రయమైన యాస్థాన మంతరించెను. కొలువులు పోయినను పుస్తకములు మిగిలినవి. సీతారామవిజయమను నింకొక యక్షగానమును త్యాగరాజు రచించెనని ప్రతీతి గలదు. ఆ గ్రంథము మాత్రము నేఁడు లభింపదు. పేరు మాత్రము నిలిచి గ్రంథము పోయిన దాని నొకవంకను, వ్రాఁతప్రతులలో నిలిచిన కీర్తనముల నొకవంకను నుంచి చూచినచో నభిమానముయొక్క ఫలమేదియో తెలియును. గురువును గొనియాడినవారు పెక్కుమంది. కొనియాడుటతోఁ దృప్తినొందక కంటము పట్టినవారు కొందఱే. నేఁడు త్యాగరాజకీర్తనమున నర్థము తెలిసి పాడఁగలిగిన ప్రతి గాయకుఁడును ఆ కొందఱికి ఋణపడియున్నాఁడు.