మద్రాసు బాట, కలకత్తా బాట



రాజుల చరిత్రమును వ్రాసినవారు మనలో పెక్కురు గలరు. ఆ రాజుల సేనలు నడచిన దారుల చరిత్రమును వ్రాసినవారు మిక్కిలి యరుదు. దారి శాసనము వేయించుకొనదు, కవిని పోషింపదు. కావున దాని కథను అక్కడక్కడ దొరకిన తునుకలనుండి కూర్చుకొనవలసియున్నది. నేడు నేను చెప్పబూనినది అట్టి దారి యొకదాని కథ. ఇచ్ఛాపురము కడ ఆంధ్రదేశమున బ్రవేశించి, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, ఏలూరు, విజయవాడ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరుల మీదుగా సాగి, తడ దాటి తమిళదేశమునకు బోవు ఈ మార్గమునకు ప్రభుత్వమువారు నేడు 16వ నంబరు జాతీయ రహదారి యని పేరిడియున్నారు. కలకత్తానుండి చెన్నపట్టణమువరకు దీని పొడవు సుమారు 1700 కిలోమీటర్లు. అందు ఇంచుమించు వేయి కిలోమీటర్లు ఆంధ్రప్రదేశములోనివే.

మా గ్రామము కావలికి సమీపమున, ఈ దారికి అరకోసు దూరమున నున్నది. నా చిన్నతనమున మేము దీనిని మద్రాసు రోడ్డని పిలిచెడివారము. అనకాపల్లి ప్రాంతమున కాపురమున్న మా మేనత్తగారు దీనినే కలకత్తా రోడ్డనెడివారు. ఒక దారికి రెండు పేరులెట్లు గలిగెనని బాల్యమున నేనాశ్చర్యపడుచుంటిని. ఏ యూరివాడు ఏ దిక్కునకు బ్రతుకుతెరువు వెదకికొనుచు బోవునో ఆ దిక్కు పేరే దారికి వచ్చునని తరువాత దెలిసినది.

ఈ దారి ఇక్కడనే యేల యేర్పడవలెను? పటమును ముందుంచుకొని చూచినచో సమాధానము దొరకును. పడమట తూర్పుకనుమలు, తూర్పున సముద్రము. వీని నడుమ నున్నది సన్నని మైదానము. ఉత్తరమున శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలో అది మఱింత యిరుకు. సముద్రమునకు మిక్కిలి చేరువగా బోయినచో నదీముఖముల యందలి పాయలు, బురద, ఉప్పుకయ్యలు అడ్డము. కొండలకు మిక్కిలి చేరువగా బోయినచో అడవులు, మన్నెపుజ్వరములు. కావున బాటసారి ఈ రెంటికిని నడుమ, నదులు ఒడ్డుల నడుమ బిగిసియున్న తావులను వెదకికొనవలసి వచ్చెను. బెజవాడ అట్టి తావు. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణ ముప్పాతిక మైలు వెడల్పుగల సందున దూరి పోవుచున్నది. అక్కడ దాటక మఱియెక్కడ దాటవలెను?

అందుచేతనే ప్రాచీనకాలపు ఆనవాళ్లును ఈ వరుసనే కనబడును. శాలిహుండము, తొట్లకొండ, అనకాపల్లికడి బొజ్జన్నకొండ మొదలగు బౌద్ధస్థలములు ఈ తీరపు మైదానమున దారప్రోగునందలి పూసలవలె నున్నవి. భిక్షువులకు భిక్ష కావలెను. భిక్ష పెట్టు వర్తకులకు దారి కావలెను. 4వ శతాబ్దమున సముద్రగుప్తుడు దక్షిణమునకు దండెత్తివచ్చి జయించిన రాజులలో పిష్టపురపు మహేంద్రుడు, వేంగి హస్తివర్మ, కంచి విష్ణుగోపుడు ప్రయాగ స్తంభశాసనమున బేర్కొనబడిరి. పిఠాపురము, పెదవేగి, కంచి యను నీ మూడును చూడగా ఆ సేన నడచిన దిక్కు స్పష్టమగుచున్నది. 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు కళింగమునుండి లోపలి కోసలమునకు బోయి, అటనుండి ఆంధ్రమునకును, ధాన్యకటకమునకును వచ్చి, దక్షిణముగా సాగెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు గజపతిపై విజయయాత్ర సాగించుచు సింహాచలము చేరి శాసనము వేయించెను. ఇంతమాత్రమున ఒకే బాట రెండువేల యేండ్లుగా చెక్కుచెదరక యున్నదని నేననను. దిక్కు మాత్రమే యొక్కటి. జాడ ప్రతి వరదకును మారుచుండెను.

కుంఫిణీవారి కాలమునుండి ఈ కథ స్పష్టపడుచున్నది. 1760ల నాటికి ఉత్తర సర్కారులు వారి వశమయ్యెను. గుంటూరు సీమ మాత్రము 1788లో చేరెను. మద్రాసు వారిదే, కలకత్తా వారిదే. అయినను నడుమనున్న ఒడ్రదేశము నాగపురపు భోసలేలది. కావున సైన్యములు, సరకులు సముద్రముపైననే పోవుచుండెను. ఈ సందర్భమున 1780వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున జరిగిన యొక సంఘటనము స్మరింపదగినది. హైదరాలీతో యుద్ధము వచ్చినందున అక్కడి సిపాయిలను ఓడ యెక్కి మద్రాసునకు బొమ్మని దొరలాజ్ఞాపించిరి. సిపాయిలు ఓడ యెక్కమనిరి. మాట ముదిరి తుపాకులు పేలెను. దొరలు కొందఱు హతులైరి. 1857 నాటి తిరుగుబాటును గూర్చి మన బాలురు పాఠములు చదువుదురు గాని, అంతకు డెబ్బదియేడేండ్లకు ముందు మన విశాఖ రేవున జరిగిన దీనిని ఎందఱెరుగుదురు?

మరుసటి యేడు, 1781లో, బంగాళమునుండి కర్నల్ పియర్సు సుమారు అయిదువేల సిపాయిలను వెంటగొని, సముద్రము జోలికి బోక, మిడ్నపూరు నుండి మద్రాసువరకు కాలినడకనే వచ్చెను. జనవరిలో బయలుదేరిన ఆ దండు మద్రాసు చేరునప్పటికి వేసవి యంతయు గడచిపోయెను. గంజాము కడ విషూచి తగిలి వందలకొలదిగా పడిపోయిరి. ఆ దండు నడచినది ఈ దారినే. 1803లో కటకము కుంఫిణీ వశమైన తరువాత గాని, కలకత్తానుండి మద్రాసువరకు ఒకే ప్రభుత్వపు నేలమీద నడచుటకు వీలు గలుగలేదు.

దారిని గూర్చి తెలుగులో వ్రాసి మనకు విడిచిపోయినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు అగ్రగణ్యులు. వారు మద్రాసు సుప్రీము కోర్టున ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి బోయి, తిరుగు ప్రయాణమున గయ, కలకత్తా, జగన్నాథములను జూచి, ఈ కోస్తా దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. దారి పొడుగునను మిత్రులు శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిపంపిన లేఖలే 1838లో కాశీయాత్రచరిత్రయై అచ్చుపడినవి. పల్లకీ బోయీలు, తప్పాలు, సత్రములు, నీరు దొరకు తావులు, దొరకని తావులు, ఏ యూర ఏ దినుసు లభించునో ఆ వివరము, అన్నియు వారి కంటబడినవి. పుణ్యమునకై బోయినవారు ఇంత శ్రద్ధగా బియ్యపు సంగతి వ్రాసియుండుట నాకు మిక్కిలి సంతోషము గలిగించును.

ఆ పెద్దలు పల్లకిలో వచ్చిన రెండేండ్లకు ఇదే దారిని మఱియొక జనసమూహము వచ్చెను. 1832-33, నందన సంవత్సరము. గుంటూరు సీమలో వానలు కురియలేదు. ఆ కరవునే మన పెద్దలు డొక్కల కరవనిరి. అయిదులక్షల జనముగల ఆ సీమలో లక్షన్నర మొదలు రెండులక్షల వరకు చచ్చిరని లెక్కలు చెప్పుచున్నవి. నడువగలిగినవారు నెల్లూరు, మద్రాసు దిక్కుగా నడచిరి. ఈ దారియే వారికి దిక్కు, వారిలో ననేకులకు వల్లకాడును ఇదియే. మా తాతగారి తాతగారిని చంకబెట్టుకొని ఆయన తల్లి ఆ మందలో నడచి వచ్చెనట. బయలుదేరునప్పుడు ఆమెకు మువ్వురు బిడ్డలు. కావలి చేరునప్పటికి ఒక్కడే మిగిలెను. తక్కిన యిరువురు ఏ మైలురాతికడ పోయిరో ఆమె యెన్నడును చెప్పలేదని మా తాతగారు నాతో ననెడివారు. మా యింటిపేరు గుంటూరు సీమలోని యొక యూరిపేరగుట కిదియే కారణము.

అప్పటికి ఈ దారి దారి యనదగినట్లు లేదు. ఒంగోలునకు ఉత్తరమున రేగడినేలలో వాన కురిసినచో బండిచక్రము ఇరుసు వఱకు దిగబడెడిది. నడుమ నడుమ సాయరు చౌకీలు, మూటమూటకు సుంకము. మద్రాసు రాజధానిలో ఆ సుంకమును 1844లో గాని తీసివేయలేదు. ఈ మాట నేను చెప్పినపుడు మోటారుగల మా మిత్రులొకరు, ‘‘తీసివేసి మరల టోలుగేటులు పెట్టినారు గదా! చౌకీవానితో బేరమాడ వీలుండెను, ఫాస్టాగుతో అదియు లేదు’’ అనిరి. చరిత్రకారుడనగుటచే నేను ఊరకుంటిని.

1845లో రాజబాటలకై ప్రత్యేకశాఖ యేర్పడినది. దారులు కొంత యెత్తుకట్టబడెను, గులకపోత పడెను. కాని ఆర్థర్ కాటను దొరవంటివారు సరకు మోయుటకు రోడ్డుకంటెను రైలుకంటెను కాలువయే చౌక యని వాదించిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. బకింగుహాము కాలువపై ధాన్యపు పడవలు, ఉప్పు పడవలు, కట్టెల పడవలు మద్రాసునకు సాగుచుండగా, ప్రక్కనున్న బాటపై ఎడ్లబండ్లు తగ్గిపోయెను. తరువాత రైలు వచ్చెను. 1899లో బెజవాడ, గూడూరుల నడుమ పట్టాలు కలిసెను. అంతట రాజబాట చిన్నబోయి, సంతకు బోవు బండ్లకును, పెండ్లివారికిని మిగిలెను. నరసన్నపేట, చిలకలూరిపేట, నాయుడుపేట, సూళ్లూరుపేట. ఈ పేటలన్నియు దారివెంబడి నిలిచిన అంగడులు. వానికి మాత్రము దారి యెన్నడును చిన్నది కాలేదు.

మోటారు వచ్చిన పిమ్మట బాటకు మరల దశ తిరిగినది. 1927లో జయకరుగారి అధ్యక్షతను రోడ్ల విచారణసంఘ మేర్పడెను. 1929లో పెట్రోలు సుంకముతో రోడ్ల నిధి కూడెను. 1943లో నాగపురమున ఇంజనీర్లు సమావేశమై జాతీయరహదారులను పేరు పెట్టి విడదీసిరి. 1956లో శాసనమైనది. అప్పుడు దీని నంబరు 5. 2010లో నంబరులు మార్చి 16 చేసిరి. మా ప్రాంతపు లారీ డ్రైవర్లలో వృద్ధులింకను దీనిని ఫైవనియే పిలుతురు.

నదులు మాత్రము సులభముగా లొంగలేదు. బెజవాడ కడ 1855లో ముగిసిన ఆనకట్ట 1952లో తెగినది. దానికి బదులు కట్టిన బారేజి 1957లో పూర్తి యయ్యెను. దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఆయన ఆ యేడే కాలధర్మము నొందిరి. నీటిని నిలుపుటతోబాటు అది మార్గమును మోసెను. గోదావరిపై రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ క్రింద రైలు, మీద రోడ్డు గల వంతెన 1974లో వచ్చెను. మా నాయనగారు ఆ వంతెనపై తొలిసారి బస్సులో బోవునపుడు, అలవాటు చొప్పున, నదిలో వేయుటకు చేత నాణెమును పట్టుకొనియు, కిటికీలోనుండి వేయు లోపల ఆవలి యొడ్డు వచ్చునేమోయని తొందరపడిరి. ఆ వంతెన రెండు మైళ్లకు మించి పొడవు. నాణెము పడుటకు కావలసినంత కాలము దొరకినది.

1999లో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలను గలుపు స్వర్ణచతుర్భుజి పని ఆరంభమయ్యెను. అందు తూర్పు భుజమిదియే. రెండు వరుసల బాట నాలుగు వరుసలయ్యెను. కొన్ని తావుల ఆరు వరుసలయ్యెను. వంకరలు పోయినవి, ఊళ్లు ప్రక్కకు తొలగినవి. కొరిశపాడు కడ నాలుగు కిలోమీటర్ల పొడవున దీనినే విమానము దిగుటకు తగినట్లు చేసి, 2022 డిసెంబరు 29వ తేదీన వైమానికదళమువారు పరీక్షించిరి. మేలు జరుగలేదని నేననజాలను. మునుపు మా యూరినుండి రోగిని నెల్లూరికి తీసికొనిపోవుటకు పట్టిన కాలములో నేడు మద్రాసు చేరవచ్చును. కాని మా యూరి మలుపున వరుసగా నుండిన చింతచెట్లను కొట్టివేసినపుడు నేనచట నిలుచుంటిని. మొత్తము ముప్పదియొకటి. లెక్క సరిగ జ్ఞాపకమున్నది. చిన్నతనమున ప్రతిచెట్టునకును పేరు పెట్టినవారము. ప్రక్కబాట అంచున నుండుటచే ఒక్కటి మాత్రము బ్రతికినది.

2020 మే మాసమున ఆ చెట్టు క్రింద మేము కొందఱము మజ్జిగ కుండలును, పులిహోర పొట్లములును పెట్టుకొని కూరుచుంటిమి. కొత్తరోగపు భయముచే రైళ్లు, బస్సులు నిలిచిపోయిన దినములవి. మద్రాసునుండి కూలివారు ఉత్తరమునకు నడచిపోవుచుండిరి. అంత వెడల్పైన రహదారిపై బండి లేదు, మనుష్యులే. వారు నడిమి త్రోవను విడిచి, అలవాటుచేత కాబోలు, అంచునే నడచుచుండిరి. ఒక యువతి చంకలో బిడ్డతో వచ్చి నిలిచెను. ఎక్కడికి తల్లీ యని యడిగితిని. ‘‘బరంపురం, బాబూ, గంజాం జిల్లా’’ అని తెలుగుననే చెప్పినది. ఇంకెంత దూరమని ఆమె భర్త అడిగెను. ఇచ్ఛాపురమునకే ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడి యున్నదని నాకు తెలియును. ‘‘ముందు ఒంగోలు వచ్చును’’ అంటిని. బిడ్డ మజ్జిగ త్రాగినంతసేపు నీడన కూరుచుండి, పొట్లములు రెండు మూటలో గట్టుకొని, వారు లేచి ఉత్తరముగా నడచిపోయిరి.