అప్‌గ్రేడ్ మధ్యలో ఆ ప్రశ్న అడుగుతున్నది ఎవరు?

ఈ ఎపిసోడ్ సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్ నుంచి. దగ్గర్లోనే పార్క్‌లేన్, అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే మన సిటీలో అసెంబుల్డ్ పీసీ కొన్నవాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు. ఆ రోజుల పీసీ ముందు ఒక మనిషి కచ్చితంగా కూర్చుని ఉండేవాడు, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కడానికి. సర్వర్ల కాలం వచ్చాక ఆ మనిషి లేచి వెళ్లిపోయాడు. ప్రశ్నలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఇవాళ్టి టాపిక్ అదే.

సీన్ మీకు తెలిసిందే. ఉబుంటు సర్వర్‌లో రాత్రి రెండింటికి అప్‌గ్రేడ్ స్క్రిప్ట్ రన్ అవ్వాలి. ఆప్ట్ కమాండ్‌కి "మైనస్ వై" కూడా పెట్టాం. పొద్దున చూస్తే అది ఎక్కడో ఆగి, జవాబు కోసం ఎదురుచూస్తోంది. ప్యాకేజీ లాక్ వదల్లేదు కాబట్టి తర్వాతి జాబ్‌లన్నీ ఫెయిల్. సెక్యూరిటీ ప్యాచ్ సగంలో ఉంది. వై పెట్టాం కదా, మళ్లీ అడగడం ఏంటి? ఆ వై అనేది ఆప్ట్ అడిగే ప్రశ్నకి మాత్రమే జవాబు. అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, ఒక్కొక్కరు ఒక్కో కాలంలో వచ్చి చేరారు.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే స్టూడెంట్ డెబియన్‌ని ప్రకటించాడు. దాని ప్యాకేజీ టూల్ డీపీకేజీ. దీనిది ఒకటే పట్టుదల: అడ్మిన్ చేత్తో మార్చిన కాన్ఫిగ్ ఫైల్‌ని అడక్కుండా చెరపకూడదు. మీరు ఫైల్ మార్చారు, కొత్త వెర్షన్‌లో వాళ్లూ మార్చారు. అప్పుడు ఆగి అడుగుతుంది: కొత్తది పెట్టాలా, పాతది ఉంచాలా, తేడా చూపించాలా? ఊరికే ఎంటర్ కొడితే మీ పాత ఫైలే ఉంటుంది. మనకి విసుగు తెప్పించే ఈ ప్రశ్న, నా దృష్టిలో, అడ్మిన్‌కి ఇచ్చిన మర్యాద.

రెండో వాళ్లు ప్యాకేజీల సొంత స్క్రిప్ట్‌లు. మొదట్లో ఏ ప్యాకేజీ ఇష్టం దానిది, ఇన్‌స్టాల్ మధ్యలో దేనికి తోచింది అది అడిగేది. వంద మెషీన్లు ఉంటే ఎలా? 1999లో జోయీ హెస్ డెబ్‌కాన్ఫ్ రాశాడు. 2000 ఆగస్టులో డెబియన్ 2.2తో అది జనంలోకి వచ్చింది. ప్రశ్నలన్నీ ఒకచోట, ప్రతిదానికీ ఒక ప్రాధాన్యం, జవాబులు ఒక డేటాబేస్‌లో. ముందే జవాబులు నింపి పెట్టుకోవచ్చు. అసలు అడగొద్దు అనాలంటే "డెబియన్ ఫ్రంటెండ్" అనే వేరియబుల్‌కి "నాన్‌ఇంటరాక్టివ్" అని ఇస్తే చాలు. (డెబ్‌కాన్ఫ్ పేరుతోనే డెబియన్ వాళ్ల వార్షిక సమావేశం కూడా ఉంది, 2023లో కొచ్చిలో జరిగింది. సెర్చ్ చేసేటప్పుడు రెండూ కలిసిపోతాయి, జాగ్రత్త.)

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటి. ఆ వేరియబుల్‌ని సుడో కంటే ముందు రాస్తారు. సుడో మామూలుగా బయటి వేరియబుల్స్‌ని లోపలికి రానివ్వదు. సుడో తర్వాత రాయాలి, స్క్రీన్ మీద చూడండి. ఇంకోటి, నాన్‌ఇంటరాక్టివ్ అన్నా డీపీకేజీ నోరు మూయదు, ఎందుకంటే అది డెబ్‌కాన్ఫ్ ద్వారా అడగదు. దానికి విడిగా "ఫోర్స్ కాన్ఫ్‌డెఫ్", "ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్" ఇవ్వాలి.

ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ గురించి వచ్చే పర్పుల్ స్క్రీన్ మళ్లీ వేరే. అది యూసీఎఫ్ అనే టూల్, రాసింది డెబియన్ పాత డెవలపర్ మనోజ్ శ్రీవాస్తవ. అది డెబ్‌కాన్ఫ్ ద్వారానే అడుగుతుంది కాబట్టి నాన్‌ఇంటరాక్టివ్ మాట వింటుంది.

కొత్తగా చేరింది నీడ్‌రీస్టార్ట్. 2014లో హార్ట్‌బ్లీడ్ గుర్తుందా? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌డేట్ చేసినా, నడుస్తున్న సర్వీస్ మెమరీలో పాత లైబ్రరీయే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే తప్ప ప్యాచ్ పనిచేయదు. ఏ సర్వీస్‌లు అలా ఉన్నాయో వెతికి చెప్పేదే ఇది. ఉబుంటు సర్వర్‌లో డిఫాల్ట్‌గా రావడంతో 2022 ఏప్రిల్‌లో 22.04కి మారినవాళ్ల స్క్రిప్ట్‌లు వరసగా ఆగిపోయాయి. "నీడ్‌రీస్టార్ట్ మోడ్" వేరియబుల్‌కి "ఏ" ఇస్తే తనే రీస్టార్ట్ చేస్తుంది. 24.04లో ఉబుంటు వాళ్లే దాన్ని డిఫాల్ట్ చేశారు. 2024 నవంబర్‌లో క్వాలిస్ వాళ్లు ఈ టూల్‌లోనే 5 లోపాలు బయటపెట్టారు, అది వేరే ముచ్చట.

మన భాష సంగతి కూడా చెప్పాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో ఉంది, కానీ గ్రాఫికల్ మోడ్‌లోనే. మామూలు టెక్స్ట్ స్క్రీన్ మన గుణింతాలు, ఒత్తులు చూపించలేదు.

సరే, అన్నీ నోరు మూయించాం. అయిపోయిందా? లేదు. పాత ఫైల్ ఉంచమన్నారంటే, కొత్త వెర్షన్‌లో గట్టిపరిచిన సెక్యూరిటీ సెట్టింగ్ మీకు రాలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అయితే ఇలాంటి ప్రశ్న వచ్చేలా ఉంటే ఆ ప్యాకేజీనే పక్కన పెట్టేస్తుంది. లాగ్‌లో ఒక లైన్ రాసి ఊరుకుంటుంది. నెలల తరబడి ఆ ప్యాకేజీ పాతదే ఉండొచ్చు.

అందుకే ఈటీసీ ఫోల్డర్‌లో "డీపీకేజీ డిస్ట్", "యూసీఎఫ్ డిస్ట్" అని ముగిసే ఫైళ్లు వెతకండి. మీరు వద్దన్న కొత్త కాన్ఫిగ్‌లు ఆ పేర్లతోనే పక్కన పడి ఉంటాయి. మీ ఫైల్‌తో పోల్చి, కావాల్సింది తీసుకోండి. వెతికే కమాండ్ డిస్క్రిప్షన్‌లో ఉంది.