మందు మానినోనికి మందెవరిచ్చారు?

అనంతపురం మెట్టలో సుగాలి తండా అంటే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది నాటుసారా. ఆ పేరు మనకెట్లా అంటుకుందో చూడాలి. మన పెద్దలు ఎద్దుల బిడారాల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికినవాళ్లు. 1871లో బొంబాయి–మద్రాసు రైలు మార్గం పూర్తయ్యాక బిడారాలకు పని తగ్గిపోయింది. అదే ఏడు తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ అనుమానపు నీడ తండాల మీదా పడింది. వాన నమ్మలేని నేలలో కొందరు కట్టెలమ్మారు, కొందరు బెల్లం ఊట కాచారు.

తాగుడు వద్దన్న మాట మనలో లేకపోలేదు. గుత్తి దగ్గరి సేవాగఢ్‌లో మనం కొలిచే సేవాలాల్ మహరాజ్ ఆ మాటే బోధించాడని పెద్దలు చెబుతారు.

ప్రభుత్వాలూ మాన్పించబోయాయి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ నిషేధం గొడవలోనే పడిపోయింది. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా పొట్లాలు అమ్మించింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డాక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995 జనవరిలో మద్యమంతా ఆగింది. 1997లో మళ్లీ తలుపులు తెరిచారు.

ఇన్ని మలుపుల్లో కాచినవాణ్ణి పట్టుకున్నారు, కుండలు పగలగొట్టారు. ఏళ్ల తరబడి తాగి శరీరం లొంగిపోయినవాణ్ణి మాత్రం రోగిగా చూసినవాళ్లు తక్కువ. అట్లాంటివాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి కలవరించవచ్చు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టి కూర్చుంటే ప్రాణమే పోవచ్చు. డాక్టరు చూపులో కొన్నాళ్లు మాత్రలు, బి1 విటమిను ఇస్తే చాలామంది ఈ గండం దాటుతారు.

ఇది పట్నం ఆసుపత్రితోనే అయ్యే పని కాదని మన పొరుగునే తేలింది. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. ఆ బళ్లారిలోనే 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు మానసిక జబ్బులు గుర్తించి మందులివ్వడం నేర్పారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. తమిళనాడు మంజక్కుడిలో 1989 నుంచి ఊళ్లోనే శిబిరం పెట్టి తాగుడు మాన్పించారు. ఊరివాళ్లే ఆతిథ్యమిచ్చారు, ఇంటివాళ్లకూ బోధపరిచారు. గోవాలో డాక్టర్లు కాని సలహాదారులు నాలుగు విడతల లోపు మాట్లాడినా హానికరమైన తాగుడు తగ్గిందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

మన తండాలకూ ఇదే కావాలి. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు వణుకు గుర్తులు తెలియాలి. రోగితో గోర్ బోలిలో మాట్లాడేవాళ్లుండాలి. మానినవాడు మళ్లీ జారితే తండా పంచాయితీ జరిమానా వేయకుండా ఆసుపత్రికి తోడు పంపాలి. కాచి బతికే ఇంటికి వేరే పని చూపాలి. 14446కి ఫోన్ చేస్తే వ్యసన విముక్తికి, 14416కి చేస్తే మానసిక ఆరోగ్యానికి ఉచితంగా సలహా దొరుకుతుంది. ఈ రెండు నంబర్లు ప్రతి తండా బడి గోడ మీదా రాసి పెట్టుకుందాం.