పరభాషాభ్యాసమున శ్రవణము

వ్రాఁతలోఁ బదమునకుఁ బదమునకు నడుమ నెడముండును, నోటిమాటలో నుండదు. పుస్తకముచే నొక భాష నేర్చినవాఁడు ఆ భాష మాటాడువారి నడుమ నిలిచి చెవిటివానివలె దిక్కులు చూచుట కిదియే మూలము. మన తెలుఁగును పరులకు నేర్పిన చరిత్రలో నీ సంగతి యెట్లు పొడకట్టినదో విచారింతము.

1812వ సంవత్సరమునఁ జెన్నపట్టణమున ఎల్లిసుదొర పూనికచే సెయింటు జార్జికోట కళాశాల వెలసినది. సీమనుండి వచ్చిన యువకోద్యోగులకు దేశభాషలు నేర్పుట దాని పని. కాంబెలుదొర తెలుఁగు వ్యాకరణము 1816లో నచ్చటనే ముద్రితమైనది. వ్యాకరణము, నిఘంటువు, కథాసంగ్రహము, ఇవి యన్నియుఁ గంటికి సాధనములు. చెవికి మున్షీ యొక్కఁడే దిక్కు. ఆ మున్షీయు శిష్యుని కర్థమగుటకై మెల్లగా విడఁదీసి పలికియుండును. కచ్చేరీలో ఫిర్యాదు చెప్పుకొను రైతు అట్లు పలుకఁడు గదా! 1820లోఁ గడపకుఁ బోయిన బ్రౌనుదొర తరువాతికాలమున వ్యాకరణనిఘంటువులతోఁ దనియక సంభాషణల పుస్తకమును గూడఁ గూర్చుట యీ కొఱఁత నెఱిఁగియే యని నా తలంపు.

ఈ కొఱఁతకుఁ గారణము సంధి. 'రాముఁడు ఇచ్చెను' అని నేర్చినవాఁడు 'రాముఁడిచ్చెను' అని వినును. 'డిచ్చెను' అను క్రియ యెక్కడిదని తడఁబడును. 'వాఁడువోయె' నన్నచో నిఘంటువున వకారమును వెదకును. చిన్నయసూరి బాలవ్యాకరణము వెలసిన నాఁటినుండి మన బడులలో సంధి నేర్పుచునే యున్నాము. అయిన నది పదములఁ గూర్చుటకే. వినువానికిఁ గావలసినది విపరీతక్రమము. శాకల్యుని ఋగ్వేదపదపాఠము సంహితను బదములుగ విడఁదీసి చూపునదే కదా! ఉపాధ్యాయుఁడు వేగము తగ్గించి పలికినచో సంధియే చెడును. వాక్యమును సహజవేగమున రెండు మూఁడు మాఱులు పలికి, శిష్యుఁ డెఱిఁగిన పదమును బట్టుకొని తక్కినది యూహింపఁగా, పిమ్మటఁ బలకమీఁదఁ బదచ్ఛేదము చేసి చూపుట మేలు.

1907 ప్రాంతమున ఉత్తరపు జిల్లాలకుఁ బాఠశాలల తనిఖీ యధికారిగా వచ్చిన యేట్సుదొర, పుస్తకముల తెలుఁగునకును జనుల తెలుఁగునకును నింత భేదమేల యని విశాఖపట్టణమున శ్రీనివాసయ్యంగారి నడిగెను. ఆయన గిడుగు, గురజాడలను జూపెను. అందుండి ప్రబలిన వివాదమును మనము శైలివివాదముగనే తలంతుము. మొదట నది పరభాష నేర్చువాని చెవికిఁ దోఁచిన ప్రశ్న. గ్రాంథికమునే వ్రాయుచున్న నేనును దీనిఁ గాదనఁజాలను.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చిన విధ మింకను విశేషమైనది. పర్లాకిమిడిలోఁ దెలుఁగు వచ్చిన సవర నొకని నింట నుంచుకొని యాయన యా భాష నభ్యసించెను. సవరకు లిపి 1936లోఁ గాని పుట్టలేదు. కావునఁ జెవియే పుస్తకము. అందుఁ గొన్నిచోట్ల కంఠమున గాలిని క్షణకాలము బిగఁబట్టి విడుతురు. తెలుఁగులిపిలో దానికి గుర్తు లేదు. గుర్తులేని ధ్వనిని దెలుఁగువాని చెవి జాఱవిడుచును. 1931లోఁ జెన్నపురిలో నచ్చైన పంతులుగారి సవరభాషాగ్రంథమున, మన వర్ణమాలలో నొదుగని ధ్వనులకుఁ బ్రత్యేకసంకేతము లున్నవి.