కంచు నాణెములపై క్రీస్తు నామాక్షరములు

ఈ శతాబ్ది సంచికకు వ్యాసము వ్రాయుటకు మేము ఒప్పుకొన్న దినముననే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక యువకుడు మమ్ములను ఆపి అడిగాడు: "అయ్యగారూ, క్రీస్తు గుర్తుగల రోమా నాణెములు దక్షిణ దేశములో దొరికినవట గదా! అట్లయితే నాలుగవ శతాబ్దమునకే మన వైపు సంఘమున్నట్టే గదా?" నూరేండ్ల పండుగ చేసికొనువారికి ఇది తీపి ప్రశ్నే. కాని తొందరపడరాదు.

రోమా నాణెములు మనకు కొత్త కాదు. ఎల్.బి.నగర్ దాటి పోయినచో వచ్చు నల్లగొండ జిల్లాలోని అక్కన్‌పల్లిలో 1500కు పైగా వెండి దేనారములు బయటపడినవి. అవి ఔగుస్తు, తిబెరి కైసరులవి. సువార్తలలో పన్ను విషయమై ప్రభువునకు చూపిన దేనారము ఆ కాలపుదే. అంతమాత్రమున నల్లగొండలో అప్పుడు శిష్యులున్నారని ఎవరును అనరు గదా.

యువకుడు అడిగినవి వేరు, చిన్న కంచు నాణెములు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 312లో మిల్వియన్ వంతెన యుద్ధము గెలిచిన తరువాత కూడ కొన్నేండ్లు తన నాణెములపై సూర్యదేవుని బొమ్మనే వేయించాడు. 327 ప్రాంతమున ముద్రించిన ఒక అరుదైన నాణెముపై మాత్రము సర్పమును పొడుచుచున్న ధ్వజము, దాని కొనపై 'క్రీస్తు' అను గ్రీకు నామములోని మొదటి రెండక్షరములు కలిపిన ముద్ర కనబడును. అదే కాలమున కవలలకు పాలిచ్చు తోడేలు బొమ్మయు నడిచింది. 348 తరువాత గుఱ్ఱము నుండి పడిన శత్రువును సైనికుడు ఈటెతో పొడుచు బొమ్మ విస్తారముగా వచ్చింది. ఆ నామాక్షరములను నాణెము నిండుగా పెద్దవిగా వేయించినది ఎవరనుకొన్నారు? మాగ్నెంటియస్. 350లో తన చక్రవర్తిపై తిరుగుబాటు చేసి సింహాసనమెక్కినవాడు! ఆ శతాబ్దాంతమున రెక్కల విజయదేవత బందీని ఈడ్చుకొనిపోవుచుండగా, ప్రక్కనే క్రీస్తు ముద్ర చిన్నదిగా నిలిచింది. ఇవన్నియు రాజుగారి విజయమును చాటు బొమ్మలు, విశ్వాసుల సాక్ష్యము కాదని మా అభిప్రాయము.

ఈ కంచు నాణెములు ఎక్కువగా దొరికినది తమిళనాడులోని కరూరు, మధుర వైపున, శ్రీలంకలోను. అవి చిల్లరగా చేతులు మారి అరిగిపోయినవి. శ్రీలంకలో వాటికి స్థానికముగా నకళ్లు కూడ పోసికొన్నారు. కొన్నవారు, అమ్మినవారు ఆ బొమ్మను చూచి ప్రార్థించిరనుటకు ఆధారమేమి?

మరి ఆ రోజులలో మన పేటలో ఎవరుండిరి? దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కనే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున ఒక బండపై బ్రాహ్మీ అక్షరములలో ప్రాకృత శాసనము కలదు. విష్ణుకుండిన గోవిందవర్మ కాలము, అనగా అయిదవ శతాబ్దము నాటిది. అందులో గోవిందరాజ విహారము, భిక్షాన్నముతో జీవించు బౌద్ధ భిక్షువులు కనబడుదురు. మన వీధికి అదే సాక్ష్యము. యువకునికి అదే చెప్పాము. కొంచెము చిన్నబుచ్చుకొన్నాడు.

ఒక్క మనవి. ఎవరికైనను పాత నాణెము దొరికినచో చింతపండుతో తోమవద్దు. పైపొరతో పాటు బొమ్మ కూడ పోవును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలుపవలెను.