చెల్కల్లోకి పత్తి ఎట్ల వచ్చింది, అప్పు ఎట్ల పెరిగింది

ఈ వానాకాలం ఇంట్ల విత్తనాల ముచ్చట మొదలయ్యే ముందు ఇది చదవండి, మీ నాయనకు చదివి వినిపించండి.

నల్లగొండ, పాలమూరు ఎర్ర చెల్కల్లో ఒకప్పుడు ఆముదం, జొన్న, కంది ఏసేటోళ్లు. విత్తనం ఇంట్లదే, ఎరువు పశువుల పెంట. దాసరి పురుగు ఆకు తిన్నా, వాన ఎగ్గొట్టినా ఆ ఏడు వలసే గతి. అది బంగారు కాలమేం కాదు. షావుకారు అప్పులు అప్పుడూ ఉన్నయి, కాకపోతే అవి ఎక్కువగా తిండిగింజలకు, పెండ్లిళ్లకు. సేద్యంల పెట్టే నగదు తక్కువ, పంట పోతే పంటే పోయేది.

తర్వాత నీళ్ల ఆశ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967లో కాలువలకు నీళ్లు వదిలిండ్రు. దేవరకొండకు దగ్గర్లోనే డ్యాం, కానీ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోయింది. మీదున్న తండాల చెల్కలకు మిగిలింది బోరే. నీళ్లు పడ్డా పడకున్నా రిగ్గుకు అడుగు లెక్కన కట్టాలె. ఒకటి ఫెయిలైతే ఆ అప్పు తీర్చేందుకని ఇంకోటి వేయడం, ఇదీ వరుస.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయల దాకా పలికింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ దగ్గరికి పోయినంక, 2006లో 750కి దిగింది. విత్తనం ధర సగమైంది గాని రిస్కు సగం కాలేదు. బీటీ కాయతొలుచు పురుగును ఆపడానికి తెచ్చింది, కరువును కాదు. నల్లరేగడి పదును పట్టుకుంటది, చెల్క పట్టుకోదు. మొదటి వానకు మొలిచింది మాడిపోతే మళ్లీ పాకెట్లు కొనాలె, అదీ ఉద్దెరకే. ఉద్దెర ఇచ్చినోడికే పత్తి తూకం వేయాల్సి వస్తే రేటు ఎవరి చేతిల ఉన్నట్టు?

కౌలుకు చేసేటోళ్లది ఇంకో బాధ. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 మొదలుపెడితే అది పట్టాదారు ఖాతాకే పోయింది.

అసలు భయం భూమిది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ షెడ్యూల్డ్ ప్రాంతానికే వర్తిస్తయి. అమ్రాబాద్ దిక్కు నల్లమల చెంచు పెంటలు అందులో ఉన్నయి, నల్లగొండ తండాలు లేవు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలైనా, ఈ నిబంధన చూసేది మనిషి కులాన్ని ఒక్కదాన్నే కాదు, భూమి ఎక్కడుందన్నది కూడా. అందుకే అప్పు ముదిరితే మన పట్టా భూమి ఎవరి చేతికైనా పోవచ్చు. అసైన్డ్ భూమికైతే 1977 చట్టం రక్షణ ఉంది.

కాబట్టి ఈసారి లెక్క ఇంట్లనే కూసొని రాయండి. నాలుగెకరాలుంటే అన్నిట్ల పత్తేనా, సగంల కంది, జొన్న పెట్టొచ్చా? రెండోసారి విత్తాల్సి వస్తే పైసలు ఏడికెల్లి వస్తయి? దుకాణంల ఉద్దెరకు మిత్తి ఎంతనో చిట్టీ మీద రాయించుకున్నరా? అట్లనే పాస్‌బుక్ తీసి, మీది పట్టానా అసైన్డా చూసి కామెంట్ల పెట్టండి.