నోటరీ చిట్టా

కోర్టు ఆవరణములో బల్ల వేసికొని కూర్చుండు నోటరీని మనలో ననేకులు చూచియే యుందురు. పత్రమునకు విలువ నిచ్చునది ఆయన వేయు ముద్రయే యని సామాన్యుల తలంపు. కాని ముద్ర చెక్కించుట యెంత పని? ఆ పత్రమును గూర్చి నోటరీ తన రిజిష్టరులో వ్రాసికొన్న పద్దు వేరొకచోట భద్రముగా నుండును. శంక కలిగినపుడు పలుకునది యదియే. మన దేశమున 1952 నాటి నోటరీల చట్టము క్రింద 1956లో వెలువడిన నియమములు ఆ రిజిష్టరును విధించినవి. అయితే ఈ పద్ధతి పెరిగి పెద్దదైనది మధ్యయుగముల నాటి ఇటలీలో.

జెనోవా రేవుపట్టణమున జొవాన్నీ స్క్రీబా అను నోటరీ 1154 మొదలు 1164 వరకు వ్రాసిన చిట్టా నేటికిని నిలిచియున్నది. ఇట్టి చిట్టాలలో మనకు దక్కిన మిక్కిలి ప్రాచీన మిదియే. ఓడ సరకులలో వాటాలు, అప్పులు, కట్నములు, వీలునామాలు అన్నియు నందు గలవు. కక్షిదారులు చెప్పినదానిని ఆనాటి నోటరీ మొదట సంగ్రహముగా చిట్టాకెక్కించును. అడిగినవారికి తరువాత తోలుపై పూర్తి పత్రము వ్రాసియిచ్చి, ఇచ్చిన గుర్తుగా పద్దుపై గీతలు గీయును. పత్రము కాలిపోయినను, దొంగల పాలైనను, చిట్టానుండి మరల ప్రతి తీయవచ్చును. నోటరీ మరణించినచో, అధికారము పొందిన వేరొక నోటరీ ఆ పని చేయును. భర్త పోయిన స్త్రీకి తన కట్నమును తిరిగి పొందు హక్కు అచ్చట నుండెడిది. పత్రము పోగొట్టుకొన్న యట్టి యామెకు ఆ చిట్టాయే దిక్కు.

కాని చిట్టా యొక్కని చేతిలోనే యున్నంతవరకు అంతయు ఆ యొక్కని నీతిపై నాధారపడును. 1265లో బొలోన్యా నగరము దీనికి విరుగుడు కనిపెట్టెను. 20 లీరాలకు మించిన ప్రతి యొప్పందమును, వీలునామాను నగర కార్యాలయములోని ‘మెమొరియాలి’ అను పుస్తకములలో నమోదు చేయింపవలెను, లేనిచో చెల్లదు. ఆ పుస్తకములు వ్రాయు నోటరీలను ఆరు మాసముల కొకసారి మార్చుచుండిరి.

ఇంకొక చిక్కు మిగిలినది. పద్దునకు పద్దునకు నడుమ ఖాళీ యున్నచో, తరువాత నెవడైన నొక పంక్తి చేర్చవచ్చును గదా! అడ్డుగీత గీసి యూరకుండవచ్చును. ఆ నోటరీలు రసికులు కాబోలు, పలువురు ఆ ఖాళీలను కవితలతో నింపిరి. 1287లో ఎన్రికెత్తో దెల్లె క్వెర్చె యను నోటరీ, ఆ నగరములోని గరిసెండా గోపురమును పేర్కొను 14 పాదముల గీత మొకటి వ్రాసియుంచెను. కవి పేరు మాత్రము వ్రాయలేదు. అది మహాకవి దాంతే రచన యని పండితులు తరువాత పోల్చుకొనిరి. అప్పటికి దాంతేకు సుమారు 22 ఏండ్లు. ఆయన కవితకు దొరకిన మిక్కిలి పాత ప్రతులలో నది యొకటి.

ఆ కార్యాలయము 1436 వరకు నడచినది. దానిని నెలకొల్పినవారు లోదెరింగో, కతలానో అను నిరువురు మతసంఘ సోదరులు. దాంతే తన కావ్యములోని నరకమున వీరిని కపటుల నడుమ నిలిపి, పైన బంగారుపూత, లోన సీసము గల యంగీలు తొడిగించెను. అందులకు కారణము చిట్టాలు కావు. 1266లో వారు ఫ్లోరెన్సు నగరమును పాలించిన తీరు.